ఆ ఇంట్లో పలకని పేరు

కొల్లాపూర్ సాలెవాడలో మారెమ్మ ఇంట్లో ఒక పేరు ఉండేది. ఉండేదంటే ఉండేది, అంతే. దాన్ని పలికేవాళ్ళు లేరు. మారెమ్మ తన కొడుక్కు వాళ్ళ తాత పేరు పెట్టుకుంది. తాత అంటే మారెమ్మకు మామగారు. మామ పేరు కోడలి నోట రాకూడదు కదా, అందుకని కన్నకొడుకునే పుట్టిననాటి నుంచీ ‘అయ్యా’ అని పిలిచింది. ఆ కొడుక్కు పెళ్ళై సుభద్రమ్మ కాపురానికి వచ్చింది. మొగుని పేరు పెళ్ళాం పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని ఆ వాడలో ఆడవాళ్ళందరి నమ్మకం. కాబట్టి సుభద్రమ్మ ‘మా ఇంటాయన’ అనేది. మారెమ్మ భర్త బతికున్నన్నాళ్ళూ కోపం వచ్చినప్పుడైనా కొడుకును పేరు పెట్టి కేకేసేవాడు. ఆయన పోయాక ఆ కేకా లేదు.

ఆ పేరేమిటో నేను చెప్పగలను, నాకేం అడ్డం? కానీ ఆ ఇంటి కథ చెబుతూ ఆ ఇంటి మర్యాద నేనెందుకు తప్పాలి? చెప్పాల్సిన మనిషే చెబుతుంది. అందాకా ఓపిక పట్టండి.

కొడుకు బొంబాయి పోయాడు. మగ్గాన్ని నమ్ముకున్నవాళ్ళకు రెండు పూటలా తిండి దొరకని కాలం అది. వాడలో సగంమంది మగవాళ్ళు బొంబాయి మిల్లుల్లోనే ఉండేవాళ్ళు. మొదట్లో దసరాకు వచ్చేవాడు. తర్వాత ఉత్తరాలు వచ్చేవి. ఆ తర్వాత అవీ మానేశాయి. ఇంట్లో గుంతమగ్గం ఖాళీగా పడి ఉంది. నేసేవాడు కాళ్ళు పెట్టుకునే గుంతలో సాలీడు గూళ్ళు కట్టింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఇరుగుపొరుగు మగ్గాలకు కండెలు చుట్టి పొట్ట పోసుకున్నారు.

ఉత్తరాలు ఆగిపోయిన మరుసటేడు ఇద్దరూ బొంబాయి పోయారు. వాడ మనిషి ఒకతను పనికి పోతుంటే అతని వెంట రైలెక్కారు. అతను వీళ్ళను మిల్లు గేటు దగ్గర దించి, “లోపలున్నడు, అడగుండ్రి” అని తన మిల్లుకు తాను పోయాడు. గేటు దగ్గర కాపలావాడు మరాఠీవాడు. “నామ్ క్యా హై?” అన్నాడు. ఆ మాత్రం ఉర్దూ మన పాలమూరు జిల్లాలో ఎవరికి తెలియదు? ఇద్దరికీ అర్థమైంది. మారెమ్మ కోడలి వంక చూసింది. కోడలు అత్త వంక చూసింది.

“నువ్వు చెప్పరాదు పిల్లా” అంది అత్త.

“నేనెట్ల చెప్త అత్తా? నువ్వే చెప్పు. కన్నతల్లివి.”

“మా మామ పేరు, నా నోట ఎట్లొస్తది?”

కాపలావాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సుభద్రమ్మ చేతులతో చూపించింది. పొడుగ్గా ఉంటాడు, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటుంది, కొల్లాపూర్ మనిషి. కాపలావాడు నవ్వి లోపల వేలమంది ఉన్నారన్నాడు. పాలీ, అంటే షిఫ్టు, విడిచాక మనుషులు వరదలా బయటికి వచ్చారు. ఇద్దరూ కళ్ళు చించుకుని చూశారు. ఆ గుంపులో ఒక మొగాన్ని చూసేసరికి ఇంకొక మొగం దాటిపోయేది. చీకటి పడ్డాక స్టేషనుకు వచ్చి కూర్చున్నారు. ఇంత దూరం పోయి, పేరు చెప్పలేక తిరిగొచ్చామని ఊళ్ళో ఎవరితో అంటారు? “లేడు, వేరే మిల్లుకు పోయిండంట” అని చెప్పుకున్నారు.

నవ్వొస్తుందా? నాకూ మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తెలిసింది, సుభద్రమ్మకు ఆ రోజు నోరు పెగలకపోవడానికి ఆచారం ఒక్కటే కారణం కాదు. పేరు చెబితే అతను బయటికి వస్తాడు. వచ్చి, ఎందుకొచ్చావంటే ఏం చెయ్యాలి? చెప్పకపోతే ఆ పేరు తన నోట్లోనే భద్రంగా ఉంటుంది, అతను ఎక్కడో చల్లగా ఉంటాడు, ఎప్పుడో వస్తాడు. ఆచారం ఆమె భయానికి మంచి ముసుగైంది.

బొంబాయి నుంచి వచ్చాక ఆమె చదువు మొదలుపెట్టింది. ఆ గేటు ముందర మూగదానిలా నిలబడిన సంగతి ఆమెను నిద్ర పోనివ్వలేదు. చిన్నప్పుడు పుట్టింట్లో నేర్చిన నాలుగక్షరాలు దులిపింది. ఏడో తరగతి ప్రైవేటుగా గట్టెక్కింది. ఆడపిల్లల బడిలో పంతులమ్మ పని రావాలంటే మెట్రిక్ కావాలన్నారు. మెట్రిక్‌కు ఇంగ్లీషు కావాలి. అన్నీ ఒక ఎత్తు, ఇంగ్లీషు ఒక్కటీ ఒక ఎత్తు.

ఇంగ్లీషు చెప్పడానికి బాలస్వామి సారు దొరికాడు. దొరకడమేమిటి, వాళ్ళింట్లోనే ఉన్నాడు. ముందరి అర్రలో కిరాయికుండేవాడు. నిజాం కాలంలో ఉర్దూలో చదివి, ఉర్దూ మీదుగా ఇంగ్లీషు నేర్చి, ఊరూరా పంతులుగా తిరిగి, పని విరమించాక పోవడానికి ఇల్లంటూ లేక ఆ అర్రలో దిగాడు. భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. పొద్దున ఒక పూట వండుకుంటే రెండు పూటలకు సరిపోయేది.

పాఠం మధ్యాహ్నం అరుగు మీద జరిగేది. సారు ఒక కొసన, సుభద్రమ్మ ఇంకో కొసన, నడుమ మారెమ్మ. మారెమ్మ రాట్నం తిప్పుతూ కూర్చునేది. కోడలు పరాయి మగవాడి దగ్గర పాఠం చెప్పించుకుంటుంటే అత్త కాపలా ఉండాలి కదా. ఆ కాపలా ఆమెకే భలే కాలక్షేపమైంది. అప్పటికే ఆమె కళ్ళకు పొర కమ్మింది. చూపు పోయినకొద్దీ చెవులు పదునెక్కాయి. వాడలో ఏ మగ్గం ఎవరిదో చప్పుడును బట్టి చెప్పేది. పండగకో పబ్బానికో తప్ప అక్కడ మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగవు. బొంబాయి నుంచో షోలాపూర్ నుంచో ఎవరైనా వస్తే మాత్రం ఆగేవి. నేసేవాళ్ళంతా గుంతల్లోంచి లేచి, ఎవరొచ్చారో చూడ్డానికి వాకిళ్ళలోకి వచ్చేవాళ్ళు. వచ్చినవాడికి ఇంటి ఆడమనిషి చెంబుతో కాళ్ళకు నీళ్ళిచ్చేదాకా అక్కడే నిలబడి, పలకరించి లోపలికి పోయేవాళ్ళు. అట్లా మగ్గాలు ఆగినప్పుడల్లా మారెమ్మ చేతిలో రాట్నం కూడా ఆగేది. “ఎవరొచ్చిన్రు పిల్లా?” అని అడిగేది. ఎవరింటికో ఎవరో వచ్చేవాళ్ళు. రాట్నం మళ్ళీ తిరిగేది.

ఒక ఎండాకాలం సారు పాసివ్ వాయిస్ ఎత్తుకున్నాడు. రాముడు రావణుని చంపెను, రావణుడు రామునిచే చంపబడెను, ఇంతవరకు తేలిగ్గానే పోయింది. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది.

“ఐ వాంట్ టు కాల్. నేను పిలవాలనుకుంటున్న. ఇందుల పిలిచేది నేను” అన్నాడు సారు. “ఐ వాంట్ టు బి కాల్డ్. ఇందుల పిలిచేది ఇంకెవరో. నాకు ఆ పిలుపు కావాలె. ‘టు’ తర్వాత ‘బి’ పెట్టు, దాని తర్వాత క్రియ మూడో రూపం పెట్టు. అంతే.”

“తెలుగుల ఎట్ల చెప్పాలె సారూ?”

“నేను పిలవబడాలని కోరుకుంటున్నాను.”

సుభద్రమ్మ నవ్వాపుకోలేకపోయింది. “గిట్ల ఎవరు మాట్లాడుతరు?”

“ఎవరు మాట్లాడరు. పరీక్షల రాస్తరు” అన్నాడు సారు, తాను నవ్వకుండా. “మనం ఏమంటం? నన్నెవరన్న పిలిస్తే మంచిగుండు అంటం. ఎవరన్న అంటనే ఉంటం. ఇంగ్లీషోడు ఆ ఎవరన్నను తీసి పక్కన పెట్టిండు. చేసినోని పేరు చెప్పకున్నా వాక్యానికి లోటు లేదు.”

“అయితే ఇది మా ఆడోళ్ళ మాటనే సారూ. పేరు చెప్పకుండ మాట్లాడుడు మేము పుట్టంగనే నేర్చుకుంటిమి.”

మారెమ్మ రాట్నం ఆపి, “మంచి మాటన్నవ్” అంది.

మరునాడు ‘బీయింగ్’ వచ్చింది. ఐ లైక్ కాలింగ్ అంటే పిలవడం నాకిష్టం. ఐ లైక్ బీయింగ్ కాల్డ్ అంటే నన్ను పిలిస్తే నాకిష్టం. కొన్ని క్రియల తర్వాత ‘టు బి’ వస్తుందనీ, కొన్నింటి తర్వాత ‘బీయింగ్’ వస్తుందనీ, ‘ఆఫ్’, ‘టు’ లాంటి చిన్న మాటలు విభక్తుల్లా వచ్చే చోట వాటి తర్వాత ‘బీయింగే’ రావాలనీ చెప్పి సారు ఉదాహరణలు ఇచ్చాడు. ఆయన ఉదాహరణలు పుస్తకంలోవి కావు.

“ఐ యామ్ యూస్డ్ టు బీయింగ్ లెఫ్ట్ అలోన్” అన్నాడు.

“అంటే ఏంది పంతులూ?” మారెమ్మ అడిగింది. ప్రతి వాక్యానికీ అర్థం చెప్పాల్సిందే ఆమెకు.

“నన్ను ఒంటరిగ ఇడిసిపెడితే నాకేం ఫికర్ లేదు, అలవాటే అని.”

“అంత అలవాటైనోడివి పాఠం అయిపోయినంక గూడ మా అరుగు మీద పొద్దుగూకేదాక ఎందుకు కూసుంటవు?”

సారు మొగం చిన్నబోయింది. ఇంకాస్సేపటికి తానే నవ్వాడు. సుభద్రమ్మ మాత్రం నవ్వలేదు. ఆయన చెప్పిన వాక్యం పలక మీద రాసుకుని చాలాసేపు చూసింది. తనకు ఎందుకో అలవాటు కాలేదు. బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే పక్కామె “మీ ఆయన జాడ తెల్సిందా?” అని ఇప్పటికీ అడుగుతుంది, ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే గుచ్చుకుంటుంది. ఒంటరితనం ఇంట్లో కూర్చుంటే అంత తెలియదు. నలుగురిలోకి పోయినప్పుడే మీద పడుతుంది. పెళ్ళిళ్ళలో ముత్తయిదువలందరికీ పసుపిస్తూ తన దగ్గరికి వచ్చేసరికి ఇచ్చేవాళ్ళ చెయ్యి కొంచెం ఆగేది. ఇవ్వాలా, వద్దా? ఉన్నాడా, లేడా? ఇచ్చేవాళ్ళు, కానీ ఆ చెయ్యి ఆగిన సంగతి ఆమెకు కనబడేది.

పాఠాలు ముదిరాక ఒకనాడు సారు ఇంకో మెట్టు ఎక్కించాడు. జరిగిపోయినదాని గురించి అనాలంటే ‘టు హావ్ బీన్’ అనాలన్నాడు. ఉదాహరణ నువ్వే చెప్పు అన్నాడు. సుభద్రమ్మ ఆలోచించి, మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరుకుని అన్నది: “షి సీమ్స్ టు హావ్ బీన్ ఫర్గాటెన్.”

సారు తప్పులేదన్నట్టు తలూపాడు. మారెమ్మ అర్థం అడగలేదు. కోడలి గొంతును బట్టే ఆమెకు తెలిసినట్టుంది.

ఆ వానాకాలం మారెమ్మ మంచం పట్టింది. దవాఖాన డాక్టరు చూసి, వయసు మీద పడ్డది, గుండె అలసిపోయింది, ఉన్నన్నాళ్ళు మంచిగా చూసుకోమన్నాడు. ఆమె ఆ మాట విని కంగారు పడలేదు. ఒక్కటే అడిగింది. “మా అయ్యను పిలిపియ్యుండ్రి. చూసుడు ఎట్లా లేదు నాకు. ఒక్కపాలి వాని గొంతు వింట. వాని చేతి నీళ్ళు గొంతుల పడితే చాలు.”

సారు చేత టెలిగ్రాం ఇప్పించారు. జవాబు లేదు. ఇంకోటి ఇచ్చారు. దానికీ లేదు. మారెమ్మకు తిండి తగ్గింది. మగ్గాలు ఎక్కడైనా ఒకటి రెండు ఆగినా తల ఎత్తి వినేది.

“బొంబాయికి ట్రంకాల్ చేద్దాం” అన్నాడు సారు. “పీపీ కాల్ అని ఉంటది. మిల్లు నంబరుకు చేసి, ఫలాన మనిషినే పిలువుమంటే, ఆ మనిషిని ఫోనుకాడికి పిలుస్తరు. వాడు దొరికితేనే మాట్లాడిస్తరు. నడువు, నేనొస్త. పేరు నేను చెప్త.”

సుభద్రమ్మ లేచి చీర కొంగు సర్దుకుంది. గడప దాకా పోయి వెనక్కి వచ్చింది.

“నువ్వు రా సారూ. పేరు మాత్రం నేనే చెప్త. ఆనాడు గేటుకాడ నా నోరే మూతపడ్డది. ఇయ్యాల గూడ నా బదులు ఇంకొకరు చెప్తే, నేను ఇంత సదువు ఎందుకు సదివినట్టు?”

మాట్లాడింది మంచంలోంచి మారెమ్మే.

“చెప్పు బిడ్డా. పేరు చెప్తే ఆయుష్షు తగ్గుతదంటరు. ఇన్నేండ్ల సంది చెప్పకుంటే ఎవరిది పెరిగింది?”

అత్త నోటి వెంట ఆ మాట వస్తుందని సుభద్రమ్మ ఏనాడూ అనుకోలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పొరపాటున మొదటి అక్షరం పలకబోతే నెత్తి మీద మొట్టింది ఈమే.

పోస్టాఫీసులో పోస్టుమాస్టరు ఐలేశం కాల్ బుక్ చేసి, లైను దొరకడానికి చాలాసేపు పడుతుందన్నాడు. సారు బయట బల్ల మీద కూర్చున్నాడు. సుభద్రమ్మ లోపల ఫోను పక్కన నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నోట్లో ఆ పేరును తిప్పి చూసుకుంది. ఎంత వింతగా ఉందో. కాపురం చేసిన మనిషి పేరు, రోజూ మనసులో అనుకునే పేరు, నాలుక మీదికి తెచ్చుకుంటే పరాయి ఊరి పేరులా ఉంది.

గంట మోగింది. ఐలేశం ఎత్తి విని, రిసీవరు ఆమె చేతికిచ్చాడు. మొదట గాలి హోరు వినిపించింది. ఆ హోరులోంచి ట్రంకాల్ కలిపే ఆడమనిషి గొంతు, గబగబా, ఇంగ్లీషులో.

“నేమ్ ఆఫ్ ది పర్సన్ టు బి కాల్డ్, ప్లీజ్?”

ప్రతి మాటా ఆమెకు అర్థమైంది. అరుగు మీద, రాట్నం చప్పుడులో, ఒక ఎండాకాలమంతా నేర్చుకున్న మాటలే. పిలవవలసిన మనిషి పేరు. బొంబాయిలో ఆ గేటు దగ్గర కాపలావాడు అడిగిందీ ఇదే.

“వెంకటనర్సు” అంది సుభద్రమ్మ.

అదీ ఆ పేరు. నేలేం పగలలేదు. ఐలేశం ముద్ర వేసుకుంటున్నవాడు వేసుకుంటూనే ఉన్నాడు. అవతల ఆ అమ్మాయి “హోల్డ్ ఆన్” అని పోయింది. సుభద్రమ్మ రిసీవరును చెవికి గట్టిగా అదుముకుని ఆ హోరు వింటూ నిలబడింది. మిల్లు లోపల ఎక్కడో ఒకరు ఇంకొకరికి ఆ పేరు అందిస్తూ ఉంటారు. ఆ గొంతు మళ్ళీ వచ్చి ఇంటి పేరు, ఊరు, ఇంకా ఏమేమో అడిగితే ఆమె ఇంగ్లీషులోనే తడుముకోకుండా చెప్పింది. ఆ కాసేపూ ఆమెకు భయం లేదు. నిజం చెప్పొద్దూ, సంతోషమే వేసింది. పేరు చెప్పింది. ఇంక మనిషి రావడమే తరువాయి.

“హలో” అన్నదొక మగ గొంతు.

అతనే. ఇన్నేళ్ళైనా అతనే.

“నేను” అన్నది.

“నేనంటే ఎవరు?”

ఏం చెప్పాలి? అతను ఆమెను ఎప్పుడూ ‘ఇగో’ అనే పిలిచాడు. పెళ్ళాం పేరు పలకడం మగవాళ్ళకు నామోషీ.

“సుభద్రమ్మను.”

అవతల హోరు. ఎవరో నవ్వుకుంటూ పోయిన చప్పుడు.

“ఏ సుభద్రమ్మ?”

వెటకారం కాదు అది. నిజంగానే తెలియక అడిగాడు. అది ఆమెకు ఆ గొంతులోనే తెలిసింది.

“మారెమ్మ కోడలిని” అంది. ఎట్లా అన్నదో ఆమెకే తెలియదు. “మీ అమ్మకు మంచిగ లేదు. నిన్ను యాది జేస్తాంది. నీ చేతి నీళ్ళు అడుగుతాంది. బయలెల్లి రా.”

లైనులో హోరు పెరిగింది. లైను పోయిందేమో అనుకుంది. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: “ఎట్లొస్త? పిల్లలు చిన్నోళ్ళు. దానికి గూడ ఒంట్ల మంచిగ లేదు. ఇడిసిపెట్టి ఎట్లొస్త చెప్పు?”

దానికి. పిల్లలు. అన్నీ ఒక్క వాక్యంలో చెప్పేశాడు. దాచిపెట్టాలని కూడా అతనికి తోచలేదు. అందరికీ తెలిసిన సంగతే అనుకున్నాడో ఏమో.

“పిల్లలకు ఏం పేర్లు పెట్టినవు?” అని అడిగింది సుభద్రమ్మ. ఎందుకు అడిగిందో ఆమె తర్వాత కూడా ఎవరికీ చెప్పలేకపోయింది. అతను జవాబు చెప్పేలోపు టైమైపోయిందని ఇంగ్లీషు గొంతు అడ్డమొచ్చింది. లైను తెగిపోయింది.

బయటికి వస్తే సారు బల్ల మీద నుంచి లేచాడు. ఆమె మొగం చూసి వెంట నడిచాడు. బజారు సగం దాటాక ఆమే అన్నది.

“సారూ, ఆనాడు నేను చెప్పిన వాక్యం తప్పు.”

“ఏ వాక్యం?”

“మర్చిపోబడ్డ అని చెప్తి గద. చేసినోని పేరు ఇడిసిపెట్టి. అట్ల వద్దు. వెంకటనర్సు నన్ను మర్చిండు. తెలుగుల మంచిగొస్తది.”

సారు నడుస్తున్నవాడు ఆగాడు. ఆయనకు ఓదార్చడం రాదు. జీవితమంతా వ్యాకరణం చెప్పినవాడు. “జర మెల్లగ నడువు బిడ్డా” అన్నాడు, ఆమె మెల్లగా నడుస్తున్నా. వాడ మొదట్లో ఆయన తలొంచుకుని ముందుకు పోయి, తన అర్ర తలుపు తీసి, లోపలికి పోకుండా అరుగు మీదే కూర్చున్నాడు.

మారెమ్మకు అడుగుల చప్పుడు వినబడింది. “మాట్లాడినవా?” అంది.

“మాట్లాడిన అత్తా.”

“ఏమన్నడు?”

సుభద్రమ్మ మంచం పక్కన కూర్చుంది. అబద్ధం నోటిదాకా వచ్చింది, నిజమూ వచ్చింది. రెండూ అక్కడే ఆగాయి. ముసలామె చెయ్యి తడుముకుంటూ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

“పేరు చెప్పిన” అంది సుభద్రమ్మ. చెప్పగలిగింది అదొక్కటే.

“చెప్పినవా?” మారెమ్మ మొగంలో ఏదో వెలుగు. “ఎట్ల చెప్పినవు? నాకు వినిపియ్యి.”

సుభద్రమ్మ చెవి దగ్గర వంగి చెప్పింది.

“గట్ల గాదు పిల్లా. అది ఎవరికో చెప్పినట్టున్నది. పిలువు. పొద్దుగూకినంక వాకిట్ల నిలబడి తల్లులు పిల్లలను పిలుస్తరు చూడు, గట్ల పిలువు. వాడు పుట్టినప్పటి సంది నేను గట్ల పిలువనైతి. అందరు తల్లులు పిలుస్తుంటే నేను అయ్యా, అయ్యా అని ఎంబడి ఉరుకుడే. ఎవరయ్యనో అనుకొని వాడు ఎనక్కి సుత చూడకపోతుండె. ఒక్కపాలి పిలువు. నేను వింట.”

సుభద్రమ్మ లేచింది. తనను మరిచినవాడిని, ఎవరో కూడా గుర్తుపట్టనివాడిని, వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలవాలి. గడపలో ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. కోపం వచ్చింది. ఆ కోపంతోనే పిలిచింది.

“వెంకటనర్సూ.”

గొంతు చాలలేదు. ఇంకోసారి పిలిచింది, ఈసారి వాడంతా వినబడేట్టు. మూడోసారి పిలిచేటప్పటికి ఆ గొంతులో కోపం లేదు. ఏడుపూ లేదు. పిలవడమే ఉంది.

పక్కింటి మగ్గం ఆగింది. ఎదురింటిది ఆగింది. ఆ పేరు ఆ ఇంటి ఆడవాళ్ళ నోట వాళ్ళెవ్వరూ ఏనాడూ విన్నది కాదు. సుభద్రమ్మ నోట ఆ పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే అనుకున్నారు. ఒక్కొక్కటే ఆగుతూ వాడ మొత్తం మీద మగ్గాలన్నీ ఆగిపోయాయి. గుంతల్లోంచి లేచి, చేతులు తుడుచుకుంటూ, అందరూ వాకిళ్ళలోకి వచ్చారు. ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో వచ్చారు. బజారు రెండు దిక్కులా చూశారు. బజారు ఖాళీగా ఉంది. అరుగు మీద బాలస్వామి సారు ఒక్కడే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

లోపల మారెమ్మ తల ఎత్తింది. అంత పెద్ద నిశ్శబ్దం ఆమె చాలా ఏళ్ళుగా వినలేదు.

“మగ్గాలు ఆగినయి పిల్లా” అంది.

“ఆగినయి అత్తా.”

“ఒచ్చినట్టున్నడు.”

సుభద్రమ్మ వాకిళ్ళలో నిలబడ్డ జనాన్ని చూసింది. జనం ఆమెను చూశారు. బావి దగ్గర అడిగే ఆమె కూడా ఉంది. ఇప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు.

“ఏంది చూస్తవు? ఎంత దూరం నుంచొచ్చిండో” అంది లోపలి నుంచి మారెమ్మ, ఎన్నడూ లేనంత గట్టిగా. “కాళ్ళకు నీళ్ళియ్యి.”

సుభద్రమ్మ లోపలికి పోయి, నీళ్ళ గోలెంలో చెంబు ముంచి, నిండుగా తీసుకుని వచ్చింది. వాడంతా చూస్తుండగా మెట్టు దగ్గర వంగి, ఎవరి కాళ్ళో అక్కడ ఉన్నట్టు మెల్లగా, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, నీళ్ళు పోసింది. నీళ్ళ చప్పుడు లోపలికి వినబడేట్టు కొంచెం ఎత్తు నుంచే పోసింది. నీళ్ళు మెట్టు దిగి బజారు దుమ్ములో ఇంకిపోయాయి. చెంబులో అడుగున కొన్ని నీళ్ళు ఉంచుకుని, అత్త గొంతులో పొయ్యడానికి లోపలికి పోయింది.